గోడ మీది బొమ్మకు గౌరవం తెచ్చిన కొల్హాపూర్ కుంచె
సినిమా పోస్టరు కళకు బాట వేసిన బాబూరావు పెయింటర్

కొల్హాపూర్ పేరు వినగానే తెలుగువారికి మహాలక్ష్మి అమ్మవారు స్మరణకు వస్తారు. ఏటా వేలాది మంది భక్తులు ఇక్కడి జిల్లాల నుంచి ఆ క్షేత్రానికి వెళ్ళి వస్తుంటారు. ఆ ఊరికి ఇంకొక ప్రసిద్ధి ఉన్నది. కళాకారులకు నిలయం కావడంతో మరాఠీలు దానిని కళాపూర్ అని కూడా ముద్దుగా పిలుచుకుంటారు. సినిమా హాలు గోడ మీద అతికించే రంగుల బొమ్మ కూడా కళేనని నిరూపించిన చిత్రకారుడు ఆ ఊరి బిడ్డే. ఆయనే బాబూరావు పెయింటర్. నాటకాలకు తెరలు చిత్రించి పొట్ట పోసుకున్న యువకుడు సొంతంగా కెమెరా తయారు చేసి, సినిమాలు తీసి, ఆ సినిమాలకు స్వహస్తాలతో పోస్టర్లు వేసిన వైనం భారతీయ చలనచిత్ర చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం.

మేస్త్రీల ఇంట పుట్టి...

బాబూరావు అసలు పేరు బాబూరావు కృష్ణరావు మేస్త్రీ. 1890 జూన్ 3న కొల్హాపూర్‌లో జన్మించారు. చేతిపనినే నమ్ముకున్న కుటుంబం వారిది. చిత్రకళా పాఠశాలలో చేరి చదువుకునే అవకాశం ఆయనకు లభించలేదు. బొమ్మలు వేయడం, శిల్పాలు మలచడం స్వయంకృషితోనే అలవరచుకున్నారు. పినతండ్రి బిడ్డల వరుసలో సోదరుడైన ఆనందరావు మేస్త్రీ ఆయనకు తోడు. ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు, కలిసే పనిచేశారు. బొమ్మల పనిలో వారికి ఎంత పేరు వచ్చిందంటే, ఇంటిపేరు మరుగునపడి పెయింటర్ అన్న వృత్తినామమే ఇద్దరికీ స్థిరపడిపోయింది.

ఆ కాలంలో కొల్హాపూర్ సంస్థానాన్ని ఛత్రపతి శాహూ మహారాజ్ పాలిస్తున్నారు. సంగీతానికి, నాటకానికి, మల్లయుద్ధానికి ఆయన సమానంగా ఆదరణ చూపేవారు. మరాఠీ సంగీత నాటకానికి అది స్వర్ణయుగం. కేశవరావు భోసలే, బాలగంధర్వ వంటి నటగాయకుల పేరు చెబితే జనం తండోపతండాలుగా తరలివచ్చేవారు. కొల్హాపూర్‌కు దక్షిణాన ఉన్న ధార్వాడ నాటక సమాజం 1880 ప్రాంతంలో ఆంధ్ర తీరంలో ప్రదర్శనలు ఇచ్చి మన రంగస్థలానికి ప్రేరణ కలిగించిన సంగతి తెలుగు నాటకాభిమానులకు తెలిసినదే. ఆ నాటక వాతావరణమే బాబూరావుకు అన్నం పెట్టింది.

నాటకాల తెరలే పాఠశాల

1910 నుంచి 1916 వరకు పశ్చిమ భారతంలో నాటక సమాజాలకు తెరలు చిత్రించేవారిలో ఈ సోదరులది అగ్రస్థానం. రాజప్రాసాదం, అడవి, ఉద్యానవనం, వీధి, దేవాలయం ఇలా ఒక్కొక్క దృశ్యానికి ఒక్కొక్క తెర కావాలి. నిలువెత్తు గుడ్డ మీద వేసిన బొమ్మ చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి కూడా స్పష్టంగా కనిపించాలి. దీపాల వెలుతురులో రంగులు వెలవెలబోకూడదు. నటుడు తెర ముందు నిలుచున్నప్పుడు బొమ్మ అతడిని మింగివేయకూడదు. దూరపు వస్తువు దూరంగా, దగ్గరి వస్తువు దగ్గరగా భ్రమింపజేయాలి. వీటన్నిటికీ మించి, తెర లేచిన మరుక్షణంలోనే కథ ఎక్కడ జరుగుతున్నదో చూసేవారికి బోధపడాలి.

పోస్టరు వేసేవాడికి కావలసిన విద్య కూడా సరిగ్గా ఇదే. దారిన పోయేవాడు నిలబడి చూసేది కొద్ది క్షణాలు మాత్రమే. ఆ కొద్దిసేపట్లో కథ ఏదో, నాయకుడు ఎవరో, రసం ఏమిటో అతడి మనసుకు ఎక్కాలి. అక్షరం రానివాడికి కూడా బొమ్మ అర్థం కావాలి. ఆనాటి ప్రేక్షకుల్లో అధిక శాతం చదువు రానివారే. నాటకాల తెరల ముందు గడిపిన ఆ ఆరేళ్ళు తనను మరొక వృత్తికి సిద్ధం చేస్తున్నాయన్న విషయం అప్పటికి బాబూరావుకు కూడా తెలియదు. దేశంలో అటువంటి వృత్తి ఒకటి ఇంకా రూపుదిద్దుకోలేదు.

వెండితెర పిలుపు

1913 మే 3న బొంబాయిలో దాదాసాహెబ్ ఫాల్కే నిర్మించిన రాజా హరిశ్చంద్ర విడుదలైంది. కదిలే బొమ్మల్లో మన పురాణగాథను చూసిన పెయింటర్ సోదరులు ముగ్ధులయ్యారు. తెర మీద నిశ్చలంగా ఉండే బొమ్మకు ఇన్నాళ్ళూ ప్రాణం పోయాలని తపించిన వారికి, నిజంగా కదిలే బొమ్మ కనిపించేసరికి దాని లోతు తెలుసుకోవాలన్న పట్టుదల పుట్టింది. బొంబాయిలోని పాత వస్తువుల బజారులో ఒక ప్రొజెక్టరును కొన్నారు. సినిమాలు ప్రదర్శిస్తూనే ఆ కళలోని మర్మాలను పరిశీలించారు.

సినిమా తీయాలంటే కెమెరా కావాలి. విదేశీ కెమెరా కొనే స్తోమత లేదు. అందుకని సొంతంగానే తయారు చేయడానికి పూనుకున్నారు. ఆ ప్రయత్నం సాగుతుండగానే, 1916లో ఆనందరావు అకాల మరణం చెందారు. చిన్ననాటి నుంచి తోడునీడగా ఉన్న సోదరుడు దూరమైనా బాబూరావు పని ఆపలేదు. శిష్యుడు విష్ణుపంత్ దామ్లే సాయంతో రెండేళ్ళు శ్రమించి 1918లో కెమెరాను పూర్తి చేశారు. గాయని తానీబాయి కాగల్కర్ ధనసహాయంతో మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీ నిలదొక్కుకున్నది. పెట్టుబడి కోసం పెద్ద పెద్ద వ్యాపారుల గుమ్మాలు ఎక్కిన కాలంలో ఒక గాయని కళాకారుడిని నమ్మి ముందుకు రావడం విశేషం.

సంచలనం సృష్టించిన సైరంధ్రి

కంపెనీ తొలి చిత్రం సైరంధ్రి. 1920 ఫిబ్రవరి 7న పుణెలోని ఆర్యన్ థియేటర్‌లో ప్రదర్శితమైంది. విరాటుని కొలువులో ద్రౌపది పడిన అవమానం, భీముని చేతిలో కీచకుని వధ ఇందులోని కథ. స్త్రీ పాత్రలను పురుషులు ధరించే ఆచారం బలంగా ఉన్న ఆ రోజుల్లో బాబూరావు స్త్రీలచేతనే నటింపజేశారు. ఆ నటీమణులను సొంతవారే వెలివేసినట్లు చూడగా, వారికి స్టూడియో ఆవరణలోనే ఆశ్రయం కల్పించవలసి వచ్చింది. కీచకవధ ఘట్టం మరీ భీకరంగా, కళ్ళెదుట జరుగుతున్నట్లే ఉండడంతో ప్రభుత్వం అభ్యంతరం తెలిపి కత్తెర వేయించింది. లోకమాన్య తిలక్ ఈ చిత్రాన్ని చూసి బాబూరావుకు సినిమా కేసరి అన్న బిరుదును, స్వర్ణపతకాన్ని బహూకరించారు. అదే సంవత్సరం ఆగస్టు 1న తిలక్ పరమపదించారు.

చిత్రకారుడి చూపు ఆయన సినిమాల్లో అడుగడుగునా కనిపించేది. చిత్రీకరణకు ముందే దృశ్యాలను కాగితం మీద గీసుకునేవారు. దుస్తులు, ఆభరణాలు, పాత్రల వాలకం అన్నీ ముందుగా బొమ్మల్లో నిర్ణయమయ్యేవి. తెరలు చిత్రించడంలో ఆరితేరిన మనిషే సినిమాలో ఆ తెరలను తొలగించి, గోడలు, గుమ్మాలు, స్తంభాలతో మనుషులు నిజంగా తిరుగాడే ఇళ్ళ వంటి సెట్లను వేయించారు. తనకు పేరు తెచ్చిన పనిని, అవసరం తీరిందని గ్రహించగానే పక్కన పెట్టగల ధైర్యం ఆయనది. 1923లో వచ్చిన సింహగడ్ చిత్రానికి కృత్రిమ దీపాల వెలుతురును వాడి, పగటి ఎండ మీద మాత్రమే ఆధారపడే పద్ధతి నుంచి బయటపడ్డారు.

పోస్టరుకు కొత్త ఊపిరి

అప్పటివరకు సినిమాకు ప్రచారం అంటే పత్రికల్లో నాలుగు వాక్యాల ప్రకటన, ఊరిలో పంచే కరపత్రం, బండి మీద తిరిగే డప్పు. అక్షరాలే గాని బొమ్మలు అరుదు. చిత్రం పేరు, హాలు పేరు, ఆట వేళలు, టిక్కెట్టు ధరలు ఉంటే చాలని ప్రదర్శకులు భావించేవారు. బాబూరావు ఆలోచన వేరు. సినిమాకు ఎంత శ్రద్ధ అవసరమో, దానిని జనానికి పరిచయం చేసే కాగితానికీ అంతే శ్రద్ధ అవసరమని ఆయన తలచారు. 1921-22 నాటికే చిత్ర విశేషాలతో, ఛాయాచిత్రాలతో కూడిన చిన్న పుస్తకాలను అచ్చు వేయించి ప్రేక్షకులకు అందించారు. తరువాతి కాలంలో మన సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలకు ఇవి పూర్వీకుల వంటివి.

తన చిత్రాలకు పోస్టర్లను ఆయనే స్వయంగా చిత్రించారు. రాజా రవివర్మ ముద్రణాలయం 1894లో ప్రారంభమైన తరువాత దేవతల రంగు పటాలు సామాన్యుల ఇళ్ళకు చేరాయి. లక్ష్మీ సరస్వతుల పటాలు ఇంటింటా గోడకెక్కిన ఆ రోజుల్లో, రంగుల బొమ్మ అంటే జనానికి భక్తితో కూడిన మక్కువ ఉండేది. లిథో పద్ధతిలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి మీద బొమ్మను వేరుగా సిద్ధం చేసి, ఒకదాని మీద ఒకటి చెదరకుండా అద్దాలి. రంగు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి కొద్ది రంగులతోనే వెలుగునీడలను సాధించగల నేర్పు చిత్రకారుడికి ఉండాలి. నాటకాల తెరల వద్ద నేర్చిన పొదుపు, స్పష్టత బాబూరావుకు ఇక్కడ అక్కరకు వచ్చాయి.

ఆయన పోస్టర్లకు మరొక బలం ఉన్నది. బొమ్మ వేసినవాడు, సినిమా తీసినవాడు ఒక్కరే. తరువాతి కాలంలో పోస్టరు చిత్రకారులకు సినిమా చూసే అవకాశమే ఉండేది కాదు. నిర్మాత ఇచ్చిన రెండు మూడు ఫోటోలే ఆధారం. బాబూరావు విషయంలో గోడ మీద కనిపించిన దుస్తులు, సెట్లు, ముఖకవళికలు అన్నీ తెర మీద కనిపించేవాటిని పుట్టించిన చేతి నుంచే వచ్చాయి. పోస్టరు చూసి హాలులో అడుగుపెట్టిన ప్రేక్షకుడికి తాను మోసపోయానన్న భావన కలగడానికి తావు తక్కువ.

కల్యాణ్ ఖజినా

1924లో ఆయన రూపొందించిన కల్యాణ్ ఖజినా శివాజీ జీవితంలోని ఒక ఘట్టానికి చిత్రరూపం. కల్యాణ్ ఖజానాతో పాటు బందీగా తెచ్చిన అక్కడి సుబేదారు కోడలిని శివాజీ తల్లిగా భావించి సగౌరవంగా తిప్పి పంపిన కథ మరాఠీ గడ్డ మీద ప్రతి ఇంటా చెప్పుకునేదే. ఈ చిత్రానికి ఆ ఏడాది లండన్‌లోని వెంబ్లీ ప్రదర్శనలో పతకం లభించింది. నేటికి లభ్యమవుతున్న భారతీయ సినిమా బొమ్మల పోస్టర్లలో అత్యంత ప్రాచీనమైనదిగా కళాచరిత్రకారులు పేర్కొనేది ఈ చిత్రం పోస్టరునే. భారతీయ పోస్టరు కళ గురించి రాసే ఏ గ్రంథమైనా దీని ప్రస్తావన లేకుండా ముందుకు సాగదు.

జనం మెచ్చని సాహసం

పురాణాలు, చారిత్రక వీరగాథలు కాసులు కురిపిస్తున్న వేళ 1925లో బాబూరావు సావ్‌కారీ పాశ్ తీశారు. వడ్డీ వ్యాపారి ఉచ్చులో చిక్కి భూమి పోగొట్టుకున్న రైతు, పట్టణం చేరి మిల్లు కూలీగా మారిన వ్యథ ఇది. రైతుగా యువకుడైన వి.శాంతారామ్ నటించారు. దేవతలు లేరు, రథాలు లేవు, కత్తియుద్ధాలు లేవు. పూరిగుడిసె, దాని ముందు మోరెత్తి ఏడ్చే కుక్క, ఆవరించిన చీకటి మాత్రమే ఉన్నాయి. ఆ ఒక్క దృశ్యాన్ని చూసినవారు దశాబ్దాల తరువాత కూడా మరచిపోలేకపోయారు. విమర్శకులు దీనిని భారతీయ వాస్తవిక చిత్రాలకు నాందిగా భావిస్తారు. సామాన్య ప్రేక్షకులు మాత్రం ఆదరించలేదు. తమ ఇంటి కష్టాన్ని టిక్కెట్టు కొని మరీ చూడడానికి ఆనాటి జనం సిద్ధంగా లేరు.

కంపెనీని నిలబెట్టుకోవడానికి బాబూరావు తిరిగి పురాణాల బాట పట్టక తప్పలేదు. 1926లో భక్త ప్రహ్లాద్, 1927లో మురళీవాలా, సతీ సావిత్రి వెలువడ్డాయి. ఆ ప్రహ్లాదుని కథనే ఇతివృత్తంగా తీసుకుని హెచ్.ఎం.రెడ్డి రూపొందించిన తొలి తెలుగు టాకీ 1932 ఫిబ్రవరి 6న విడుదల కావడం గమనార్హం.

శిష్యులు విడిపోయిన వేళ

బాబూరావు స్టూడియో ఒక గురుకులం వంటిది. దామ్లే, ఫత్తేలాల్ అక్కడ కుంచె పట్టినవారే, కెమెరా నడిపినవారే. శాంతారామ్ 1920లో చేరి, చిల్లర పనులతో మొదలుపెట్టి నటుడిగా, దర్శకుడిగా ఎదిగారు. అక్కడ ఏ పనీ తక్కువ కాదు. రంగు కలపడం తెలిసినవాడు దీపం పట్టాలి, దీపం పట్టినవాడు ఫిలిం కడగాలి. శిష్యులు ఇంత సమర్థులు కావడమే చివరకు గురువుకు పరీక్ష తెచ్చిపెట్టింది. 1929లో దామ్లే, ఫత్తేలాల్, ధాయ్‌బర్, శాంతారామ్ బయటకు వచ్చి కొల్హాపూర్‌లోనే ప్రభాత్ ఫిల్మ్ కంపెనీని స్థాపించారు. కుడి భుజాలు దూరమయ్యాక మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీ కోలుకోలేదు. 1931లో మూతపడింది. అదే ఏడాది ఆలం ఆరాతో మన సినిమాకు మాటలు వచ్చాయి.

ప్రభాత్ 1933లో పుణెకు తరలి దేశంలోని మేటి సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. దామ్లే, ఫత్తేలాల్ దర్శకత్వంలో 1936లో వచ్చిన సంత్ తుకారాం వెనిస్ చిత్రోత్సవంలో మన్ననలు అందుకున్నది. ఆ స్టూడియో ప్రాంగణంలోనే 1960లో ప్రభుత్వం ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. దేశానికి దర్శకులను, ఛాయాగ్రాహకులను అందిస్తున్న ఆ విద్యాలయం వేళ్ళను వెదుకుతూ పోతే, బడిమెట్లు ఎక్కని ఒక తెరల చిత్రకారుడి దగ్గరికి చేరుకుంటాం.

మళ్ళీ కుంచె చెంతకు

సొంత కంపెనీ పోయినా బాబూరావు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొల్హాపూర్‌లోని శాలినీ సినీటోన్ పతాకంపై 1935లో ఉషా, 1937లో ప్రతిభా రూపొందించారు. మూకీగా ఉన్నప్పుడు జనం తిరస్కరించిన సావ్‌కారీ పాశ్‌నే 1936లో మాటలతో మళ్ళీ తీయడం ఆయన పట్టుదలకు నిదర్శనం. 1947లో శాంతారామ్ తన సంస్థ తరఫున నిర్మించిన లోకశాహీర్ రామ్ జోషీ చిత్రానికి దర్శకత్వ బాధ్యతను గురువుకు అప్పగించారు. తాను కూడా దర్శకుడిగా పాలుపంచుకున్నారు. విడిపోయిన గురుశిష్యులు ఆ విధంగా ఒకే చిత్రం కోసం తిరిగి కలిశారు. 1952లో వచ్చిన విశ్వామిత్ర తరువాత ఆయన మరొక చిత్రం తీయలేదు.

సినిమా అవకాశాలు తగ్గినప్పుడల్లా ఆయనకు ఆశ్రయమిచ్చినవి చిత్రకళ, శిల్పకళ. పేరుప్రతిష్ఠలు, బిరుదులు, పతకాలు వచ్చి పోయినా చివరిదాకా ఆయన వెంట ఉన్నది కుంచె ఒక్కటే. 1954 జనవరి 16న కొల్హాపూర్‌లోనే కన్నుమూశారు. మరాఠీ ప్రజలు ఆయనను కళామహర్షిగా స్మరించుకుంటారు. ఆయన తయారు చేసిన కెమెరాకు గుర్తుగా కొల్హాపూర్‌లో ఒక స్మారక స్తంభాన్ని కూడా నిలిపారు.

చిత్రం పోయింది, చిత్తరువు మిగిలింది

నాటి ఫిలిం నైట్రేట్‌తో తయారయ్యేది. నిప్పురవ్వ తగిలితే చాలు, భగ్గున మండిపోతుంది. నిల్వ సరిగా లేకపోతే జిగురై, పొడియై నశిస్తుంది. మన దేశంలో వెయ్యికి పైగా మూకీ చిత్రాలు తయారు కాగా, నేడు ఏదో ఒక రూపంలో మిగిలినవి అతి కొద్ది. 2003 జనవరిలో పుణెలోని నైట్రేట్ ఫిలింల గదిలో జరిగిన అగ్నిప్రమాదం మిగిలినవాటిలోనూ అనేకం బూడిద చేసింది. బాబూరావు మూకీల్లో అధిక భాగం కాలగర్భంలో కలిశాయి. జీవితాన్ని ధారపోసి తీసిన సినిమాలు పోయాయి. పది రోజులు గోడ మీద ఉండి వానకు తడిసి రాలిపోవలసిన కాగితం మాత్రం ఆయన పేరు నిలుపుతున్నది.

బాబూరావు తరువాత పోస్టరు వేయడం దేశమంతటా వేలాది కుటుంబాలకు జీవనాధారమైంది. పండరీపురంలో పుట్టిన ఎం.ఎఫ్.హుస్సేన్ 1930 దశకంలో బొంబాయి చేరి సినిమా బోర్డులు చిత్రిస్తూనే కళాజీవితం ప్రారంభించారు. మన పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లుకు చెందిన ఈశ్వర్ 1967లో బాపు తీసిన సాక్షి చిత్రంతో పోస్టరు రంగంలో అడుగుపెట్టి, వందలాది తెలుగు చిత్రాలకు ప్రచార చిత్రాలు రూపొందించి 2021లో కన్నుమూశారు. వీరెవరూ పోస్టరు విద్యను కళాశాలలో చదివి వచ్చినవారు కారు. ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర రంగుల డబ్బాలు కడిగి, అక్షరాలు నింపి, ఆపై ముఖాలు దిద్దే స్థాయికి ఎదగడమే ఈ వృత్తిలో చాలాకాలం సాగిన సంప్రదాయం. 2000 తరువాత ఫ్లెక్సీలు, కంప్యూటర్లు రావడంతో చేతితో వేసే బోర్డులు క్రమంగా కనుమరుగయ్యాయి. ఎందరో చిత్రకారులు ఇతర వృత్తులకు మళ్ళారు.

పనిముట్టు మారినా పోస్టరు బాధ్యత మారలేదు. దూరం నుంచి కనిపించాలి, చదువు రానివాడికీ అర్థం కావాలి, సినిమాలో లేనిది ఉన్నట్లు చెప్పకూడదు. నేడు కంప్యూటరు ముందు కూర్చుని ఈ రంగంలో తొలి అడుగు వేస్తున్న యువతరానికి కూడా ఈ మూడు సూత్రాలే ఆధారం. వీటిని పుస్తకాల్లో రాయకుండా, తన బొమ్మలతోనే నేర్పి వెళ్ళిన తొలి గురువుల్లో కొల్హాపూర్ మేస్త్రీల ఇంటి బిడ్డ ముందువరుసలో నిలుస్తారు.